దానిమ్మ రంగు మందు

కరీంనగర్, మంకమ్మతోట
ఏప్రిల్ 23

చెల్లె మంజులకు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మా ఇంట్లో ఫోన్ ఎప్పుడూ నిఖిత చేతిలోనే ఉంటుంది. నువ్వు పంపే మాటలు నాకంటే ముందు అదే వింటుంది, మెసేజీలు అదే చదివి నాకు చెబుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల చెవిన పడకూడని ముచ్చట్లు మనకు కొన్ని ఉన్నాయి కదా. అందుకే కాగితం. నువ్వూ కాగితం మీదే రాయి. పదో తరగతి తప్పినా నీ చేతిరాత నాకంటే బాగుంటుందని బాపు అనేవాడు. ఆ మాటకు బాపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎల్లుండి మీ బావ నిఖితను తీసుకొని మందమర్రి వస్తాడు. సెలవులన్నీ నీ దగ్గరే. ఇన్ని రోజులు పంపడం తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. నాకు గర్భసంచి ఆపరేషన్ లేకపోతే ఇప్పుడూ పంపేదాన్ని కాదు. ఎన్నడూ నిండని సంచి, తీసెయ్యడానికి మాత్రం ఎంత ఆగమో చూడు.

ఒక మాట గుర్తు పెట్టుకో. పంపుతున్నాను, ఇస్తలేను. ఇరవయ్యొకటో రోజు నువ్వు దాన్ని నా ఒడిలో పెట్టినప్పుడు చుట్టాలంతా చూశారు. ఇద్దరు కొడుకుల మీద పుట్టిన ఒక్క ఆడపిల్లను అక్కకు ఇచ్చిందని నిన్ను మెచ్చుకున్నారు. నన్నెవరూ మెచ్చుకోలేదు. పండ్లు వచ్చేటప్పుడు జ్వరాలకు, అమ్మవారు పోసినప్పుడు వేపాకులకు తిరిగింది నేను.

దాని ఒంటి సంగతి నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి అంటావని. నిరుడు దసరాకు నీరసంగా ఉందని టానిక్ మొదలుపెట్టాను. దీపావళి నుంచి దద్దుర్లు లేస్తున్నాయి. మెడ కింద, మోచేతుల దగ్గర ఎర్రగా పొంగుతాయి. గీకి గీకి రక్తం తీసుకుంటుంది. ఒక్కోసారి పిల్లికూతలు, ఆయాసం. వంకాయ మాన్పించాను, గుడ్డు మాన్పించాను, సబ్బు మార్చాను. పోయినట్టే పోయి మళ్లీ వస్తున్నాయి.

సంచిలో టానిక్ సీసా ఉంది. రోజూ రెండు చెంచాలు తప్పకుండా పొయ్యి. మెడికల్ షాపాయన నాలుగు రకాలు చూపిస్తే నేనే ఏరి తెచ్చాను. సిరిసిల్లలో బాపు నూలుకు రంగు వేసేటప్పుడు ఏమనేవాడు? "రంగు నిండుగ పట్టిందే సరుకు బిడ్డా, ఎలిసిన నూలు ఎవడు కొంటడు" అనే కదా. ఈ మందును వెలుగుకు పెట్టి చూడు, దానిమ్మ గింజ రంగులో ఉంటుంది. ఆ తెల్లటి నీళ్ల మందులు నేను నా బిడ్డకు పొయ్యను.

అది నన్ను అమ్మా అంటుంది, నిన్ను చిన్నమ్మా అంటుంది. ఆ అలవాటు తప్పనియ్యకు.

సరోజన


మందమర్రి
మే 12

అక్కా,

ఆపరేషన్ మంచిగైందని బావ చెప్పిండు. బిందెలు ఎత్తకు, మెట్లు ఎక్కకు. నువ్వు చెప్తే వినే మనిషివి కాదని నాకెరుకే, అయినా రాస్తున్న.

నీ దానిమ్మ సీసా ముచ్చట ముందు చెప్త. పిల్ల వచ్చిన తెల్లారే మా చిన్నోడు క్రికెట్ బాలుతోటి పలగ్గొట్టిండు. గోడంత ఎర్రగైంది, ఎంత తుడిసినా పోతలేదు, నీ రంగు గట్టిదే. ఇయ్యాల కొంట, రేపు కొంట అనుకుంట మర్సిపోయిన. మర్సిననా, మర్సినట్టు చేసిననా, అది నన్నడగకు.

ఇగ విను. ఎనిమిదో రోజుకు పిల్ల ఒంటి మీద ఒక్క దద్దు లేదక్కా! మెడ కింద చర్మం మీగడ లెక్క నున్నగైంది. గీకుడు లేదు, పిల్లికూతలు లేవు. నువ్వు మాన్పిచ్చిన కోడిగుడ్డు రోజుకొకటి తింటున్నది. వంకాయ కూర అడిగి ఏయించుకుంటున్నది. పొద్దుగాల కంపెనీ సైరన్ కూయంగనే లేస్తది. మా ఆయన డ్యూటీకి పోతుంటె టిఫిన్ గిన్నె ఉరికొచ్చి అందిస్తది. రాజేశం అసలే మాట్లాడని మనిషి కదా, బొగ్గు బాయిల నుంచి రాంగనే "పిల్లేది" అంటుండు.

పక్క క్వార్టర్ల శంకరవ్వ పిల్ల లేంది చూసి నాతోని అన్నది, "కన్నపేగు కాడికి చేరింది, ఒళ్లు సల్లవడ్డది" అని. నేను ఊకోమన్న. ఊకోమన్న గని ఆ మాటకు నా కడుపుల సల్లగైంది. అబద్ధం రాస్తె నాకేమొస్తది.

నిన్న నా కొంగు పట్టుకొని పండుకుంది. నీ మీద బెంగటిల్లలేదు, ఫికర్ చెయ్యకు.

మంజుల


కరీంనగర్
మే 20

మంజులకు,

ఫికర్ చెయ్యకు అని రాశావు. ఎంత మంచిదానివి.

నీ ఉత్తరం మంచంలో పడుకొని చదివాను. చివరి మాట దగ్గర ఒక్కసారిగా లేచి కూర్చుంటే కుట్లు గుంజి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీళ్లు కుట్ల వల్లనే వచ్చాయని మీ బావకు చెప్పాను.

నీ కొంగు ఒక్కరాత్రి పట్టుకున్నందుకు ఉత్తరం రాశావు. నా కొంగు తొమ్మిదేళ్లు పట్టుకున్నది. నేనెప్పుడన్నా నీకు రాశానా? నీ శంకరవ్వకు చెప్పు, ఇంకోసారి నా బిడ్డ ముచ్చట ఎత్తితే నేనే వచ్చి ఆమె నోరు మూయిస్తానని.

మీ బావ నిన్న ఫోన్లో ఫోటో చూపించాడు. పిల్ల బుగ్గలు నిండాయి. మెడ మీద మచ్చ లేదు. తల్లి అన్నది సంతోషపడాలి కదా. నేను ఫోన్ బోర్లా పెట్టి గోడ దిక్కు తిరిగి పడుకున్నాను. నా చేతి వంటకు పొంగిన ఒళ్లు నీ చేతి వంటకు ఎట్లా మానింది? నేనేం మనిషినో, పిల్ల బాగుపడితే కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నాను అనిపించింది. అయినా సంతోషం రాలేదు.

కొత్త సీసా కొను. అదే రంగు చూసి కొను. జూన్ అయిదుకల్లా పంపు. బడి పన్నెండుకు తెరుస్తారని నాకు తెలుసు. అయినా అయిదుకే పంపు.

సరోజన


మందమర్రి
జూన్ 4

అక్కా,

పిల్లను పంపుతున్న. రాజేశం తోలుకొస్తుండు, ఉత్తరం ఆయన జేబుల పెడుతున్న.

బట్టలు ఉతికి మడత పెట్టిన. మంచిర్యాలకు పోయి రెండు గౌన్లు కొన్న, ఒకటి లేత పచ్చది, ఒకటి పూలది. అంతకు మించి ఇక్కడ ఏం ముచ్చట లేదు. ఒంటి మీద ఏం లేదు, నువ్వే చూస్తవు కదా. ఊకె మందులు పొయ్యకు. గంత మంచిగున్న పిల్లకు మందులేంది.

పొద్దటి నుంచి నేను పొయ్యి ముందల్నే కూసున్న. పొగ వచ్చి కండ్లు మండుతున్నయని పిల్లకు చెప్పిన. మా ఇంట్ల గ్యాస్ పొయ్యి అక్కా.

మంజుల


కరీంనగర్
జూలై 9

చెల్లె మంజులకు,

నీకు రాయకూడదని నెల రోజులు పట్టుపట్టి కూర్చున్నాను. కూర్చోలేకపోయాను.

వచ్చిన అయిదో రోజుకే దద్దుర్లు లేచాయి. ఈసారి వీపంతా లేచాయి. గౌను తగిలితే ఏడుస్తుంది. బడికి పొడుగు చేతుల అంగీ తొడిగి పంపుతున్నాను, తోటి పిల్లలు అంటుకుంటుందని పక్కన కూర్చోవడం లేదట. దురదకు షాపాయన గోలీలు ఇచ్చాడు, గుమ్మడి పువ్వంత పసుపు గోలీలు. వేసిన రోజు తగ్గాల్సింది పోయి ఇంకా పొంగుతున్నాయి. టానిక్ చెంచా చూస్తే నోరు బిగబట్టుకుంటుంది. ఇదివరకు గటగటా తాగేది. నీ దగ్గర నేర్చుకున్న గారాబమే ఇది.

కింద వాటాలో ఉండే మమతారాణి టీచర్ నిన్న ఏమన్నదో తెలుసా? "అక్కడ తగ్గి ఇక్కడ వస్తున్నదంటె ఇల్లు పడలేదేమో సరోజనా" అన్నది. ఇల్లు పడకపోవడమేమిటి, సున్నం వేసిన గోడలు పిల్లను ఏం చేస్తాయి? ఇల్లు అంటే నేనే. నేను పడలేదని అన్నట్టే. ఆమెకు చాయ్ పోసి పంపి, తలుపు వేసుకొని ఏడ్చాను.

నిన్ను అడగాలంటే నాకు ప్రాణం పోయినట్టుంది. చిన్నప్పుడు అవ్వ జడ వేస్తే నీకే బాగా వేసిందని అలిగి రెండు రోజులు తల దువ్వుకోలేదు నేను. అట్లాంటి దాన్ని ఇప్పుడు అడుగుతున్నాను. ఏం పెట్టావు దానికి? ఏ నీళ్లు పోశావు? ఏ నూనె రాశావు? ఏ దేవునికి మొక్కావు? నువ్వు ఏది చెబితే అది చేస్తాను. మీ సైరన్ కూతే మందు అంటే ఇక్కడ సైరన్ పెట్టిస్తాను.

చెప్పు మంజులా.

నీ అక్క


మందమర్రి
జూలై 22

అక్కా,

ఏం పెట్టలేదు. అన్నం పెట్టిన.

ఒంటికి అన్నీ ఎరుకక్కా. ఏ చెయ్యి తనదో, ఏది కాదో. ఇగ ఇంతకంటే నాకేం తెల్వది. దాన్ని దసరాదాకా నా దగ్గరికి పంపు, ఇక్కడ స్కూల్ల చేర్పిస్త. ఒళ్లు మంచిగైనంక చూద్దాం.

నువ్వు ఏప్రిల్‌ల ఒక మాట రాసినవు, "పంపుతున్నాను, ఇస్తలేను" అని. ఆ మాట నేను ఇరవయ్యొకటో రోజు అనుంటే ఎట్లుండు? అప్పుడు నా నోట్లె నాలుక లేకుండె. బాపు "అక్క మొఖం చూడు బిడ్డా, పన్నెండేండ్ల సంది చూస్తున్నది" అన్నడు. నేను నీ మొఖం చూసిన, ఒడిల పెట్టిన. గంతే, అయిపోయింది. నువ్వు బస్సెక్కినంక నా రొమ్ములు రాళ్లు అయినయి. రవికె తడిసి కారుతుంటె, పాలు ఎండాలని అవ్వ మల్లెపూలు కట్టింది. మూడు రోజులు మల్లెపూలు. అప్పటి సంది నేను తలల మల్లెపూలు పెట్టుకోను. పెండ్లిళ్లకు, బతుకమ్మకు, నువ్వు నన్ను ఎన్నిమార్లు చూసినవు. ఒక్కనాడన్న అడిగినవా ఎందుకు పెట్టుకోవు అని?

స్కూల్ ఫంక్షన్ల ఫోటోలు పంపుతవు. "నేను, నా బిడ్డ" అని కింద రాస్తవు. ఫోన్‌ల చుట్టాల గ్రూపుల అందరు పువ్వుల బొమ్మలు పెడ్తరు. నేనూ పెడ్త. పెట్టి ఫోన్ బియ్యం డబ్బాల దాస్త, మళ్లా చూడకుండ.

తొమ్మిదేండ్లల్ల ఒక్కసారి పిల్ల నీ దగ్గర బాగలేక నా దగ్గర బాగున్నది. నాకు పండుగైంది. తప్పయితే తప్పే.

మంజుల


కరీంనగర్, పిల్లల దవాఖాన
ఆగస్ట్ 24

మంజులా,

పిల్ల బతికింది. ముందు అది రాస్తున్న, తర్వాతిది చదివేదాక నీ గుండె ఆగకుండ.

మొన్న ఆదివారం జ్వరమొచ్చింది. ఇంట్ల జ్వరం మందు ఉండె, ఎర్రది. పోసిన. అర్ధగంట కాలే, పెదవులు వాచినయి, కండ్లు మూసుకపోయినయి, గొంతుల నుంచి ఈల సప్పుడు. ఊపిరి గుంజుకుంట నా రెక్క పట్టుకున్నది, ఆ పట్టు ఇంకా నా రెక్క మీద నల్లగ ఉన్నది. మీ బావ ఊళ్లె లేడు. మమతారాణి టీచర్, నేను ఆటోల ఏసుకొని ఉరికినం. సూదులు, మూతికి ఆక్సిజన్. రెండు దినాలు గాజు తలుపు అవతల నిలబడ్డ.

డాక్టరమ్మ ఇంట్ల ఉన్న మందులన్ని తెప్పిచ్చింది. టానిక్, పసుపు గోలీలు, జ్వరం మందు, అన్ని వరుసగ బల్ల మీద పెట్టింది. "మందులు వేరు వేరమ్మా, వీటన్నిట్లో ఉన్నది కలిపిన రంగు. కొందరి ఒంటికి అది పడదు. మీరు దద్దుర్లకు మందని ఇస్తున్నది దద్దుర్లనే పెంచింది" అన్నది. దానిమ్మ గింజ రంగని ఏరి తెచ్చుకున్న కదా, పది నెలలు నా చేతులతోని పోసుకున్న కదా. ఆ సీస దిక్కు చూడలేకపోయిన.

ఆమె అడిగింది, "ఇదివరకు ఎవరన్నా చెప్పారా?" అని. లేదన్న. మంచంల నుంచి నిఖిత మాట్లాడింది. రెండు రోజులకు అదే మొదటి మాట. "మంచిర్యాల డాక్టర్ చెప్పిండు. చిన్నమ్మ మందుల చిట్టీ రాయించుకున్నది" అన్నది.

గౌన్లు కొన్నవా నువ్వు మంచిర్యాలల? లేత పచ్చది ఒకటి, పూలది ఒకటి కొన్నవా?

నేను అడుక్కున్న మంజులా, జూలైల. నా జన్మల ఎవల్ని అడగనట్టు అడిగిన. "అన్నం పెట్టిన" అని రాసినవు. చిట్టీ నీ పెట్టెల పెట్టుకొని గా రాత రాసినవు. దాన్ని కన్నది నువ్వేనా? పాముకైనా గింత విషముంటదా, నీకుండె!

ఇగ నా గడప తొక్కకు. పిల్ల నీ మొఖం చూడది. చిట్టీ పంపు, డాక్టరమ్మ అడుగుతున్నది. ఒక్క ముక్క రాయకు, చిట్టీ పంపు.


మందమర్రి
ఆగస్ట్ 29

అక్కా,

చిట్టీ ఇందుల పెట్టిన. రాయొద్దన్నవు, కాని రాయకపోతె నేను సచ్చిపోత.

మే ఇరవై అయిదు నాడు పిల్లకు పడిశం పట్టింది. ఇక్కడి షాపుల మందు తెచ్చి పోసిన, నారింజ రంగుది. గంటల ఒళ్లంత పొంగింది. ఇరవై రోజుల సంది నున్నగున్న ఒళ్లు, నా చేతి మీదనే పొంగింది. రాజేశం, నేను మంచిర్యాలకు ఉరికినం. ఆ డాక్టర్ ముసలాయన, ఓపికగ అన్ని అడిగిండు. టానిక్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు బందైంది, ఏం రంగుది అని. అడిగి అడిగి చెప్పిండు, "తల్లీ, నీ బిడ్డకు తిండితో బాధ లేదు. రంగు మందులు వద్దు, తెల్ల గోలీ నూరి పొయ్యి" అని. ఇంగ్లీషుల రాసి కింద తెలుగుల కూడ రాసిండు, షాపోళ్లకు చూపమని.

గప్పుడే నీకు ఫోన్ చేద్దునక్కా. చేతిల ఫోన్ పట్టుకున్న కూడ. కాని చిట్టీ మీదికి చూసిన.

చూడు, మీద ఏం రాసున్నదో. లోపలికి పోకముందు కంపౌండర్ అడిగిండు, "పిల్ల పేరు?" నిఖిత అన్న. "తల్లి పేరు?" నా పక్కన పిల్ల నిలబడ్డది. సరోజన అనాలె. నోటికొచ్చింది కూడ. నా నోరు మంజుల అన్నది. పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. నేను గోడకు ఉన్న క్యాలెండర్ చూసిన. ఆయన రాసుకున్నడు.

లోకంల ఒక్క కాయితం అక్కా. దాని పేరు కింద నా పేరున్న కాయితం ఇదొక్కటే. నీకు పంపితె నువ్వు చూస్తవు, చింపుతవు అనుకున్న. ఫోన్‌ల చెప్తె చిట్టీ ఏదంటవు అనుకున్న. ఆ తర్వాత నువ్వు జూలైల అడిగినప్పుడు ఇంకో పాపపు బుద్ధి పుట్టింది. చెప్పకుంటె ఒళ్లు బాగుగాక నువ్వే పంపుతవు, నా దగ్గరుంటది, ఇక్కడ నేను ఎట్లాగూ రంగు మందు పొయ్యను అనుకున్న. దద్దుర్లే కదా, ప్రాణం మీదికొస్తదని అనుకోలే. ఇది నిజం. నమ్మకు, నేనైతె నమ్మ.

పిల్లకు మాత్రం చెప్పి పంపిన. "రంగు మందు ఎవలు పోసినా తాగకు బిడ్డా, నోరు మూసుకో. డాక్టర్ ముచ్చట అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది" అన్న. తొమ్మిదేండ్ల పిల్ల నెత్తి మీద నా పాపం పెట్టి బస్సెక్కిచ్చిన.

నీ గడప తొక్కను. పిల్ల ఎట్లున్నదో ఒక్క ముక్క రాయి. మరీ కోపముంటె బావతోని రాయించు.

మంజుల


కరీంనగర్
సెప్టెంబర్ 15

చెల్లె మంజులకు,

పిల్ల బాగుంది. ముందు అది చదువు.

దవాఖాన నుంచి వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఒంటి మీద దద్దు లేదు. ఇంట్లో ఉన్న రంగు మందులన్నీ పారబోశాను. ఇప్పుడు మందు కొనాలంటే బాపు తడిగుడ్డతో రుద్ది నూలు రంగు చూసినట్టే చూస్తున్నాం. గోలీని తడి తెల్లగుడ్డలో పెట్టి రుద్దుతుంది నిఖిత. గుడ్డకు రంగు దిగితే "పోయిందమ్మా ఇది" అని పక్కన పడేస్తుంది. తెల్లగుడ్డ తెల్లగా ఉన్నా సరిపోదు, డబ్బా మీద రాసింది డాక్టరమ్మకు చూపించాకే వేస్తున్నాను. షాపాయన మమ్మల్ని చూస్తే తల పట్టుకుంటున్నాడు.

నీ ఉత్తరం పదిహేను రోజులు నా దిండు కింద ఉంది. నిన్ను తిట్టాలని నాలుగుసార్లు కాగితం తీశాను. ప్రతిసారీ రెండో వరుస దగ్గర పెన్ను ఆగింది. ఎందుకు ఆగిందో ఇప్పుడు రాస్తాను. మీ బావకు చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు.

ఇదివరకు ఎవరన్నా చెప్పారా అని ఆమె అడిగినప్పుడు నేను లేదన్నాను కదా. అబద్ధం. నిఖిత చెప్పింది. జూన్‌లో టానిక్ చెంచా పట్టుకున్న మొదటి రోజే చెప్పింది, "చిన్నమ్మ రంగు మందు తాగద్దన్నది" అని. గారాబమని నీకు రాశాను. ఆ ఆదివారం కూడా చెప్పింది. జ్వరంతో ఒళ్లు పెనంలాగా కాలుతుంటే రెండు చేతులతో మూతి మూసుకొని, "వద్దమ్మా, చిన్నమ్మ వద్దన్నది" అన్నది.

ఇంకెవరు చెప్పారన్నా ఆగేదాన్ని మంజులా. మమతారాణి టీచర్ అన్నదంటే ఆగేదాన్ని. దారిన పోయేవాళ్లు అన్నారంటే కూడా ఒక్క నిమిషం ఆలోచించేదాన్ని. చిన్నమ్మ అన్నది అనేసరికి నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో, నా బిడ్డ, నా చేతి మందు వద్దంటుందా, అదీ నీ మాట మీద? చేతులు గుంజి, ముక్కు మూసి పోసిన. రెండు చెంచాలకు మూడు పోసిన. మూడో చెంచా జ్వరానికి కాదే, నీ మీద పోసిన.

నువ్వు చిట్టీ దాచావు. నేను పిల్ల నోరు మూశాను. ఎవరి తప్పు పెద్దదని నన్ను అడిగితే, రాత్రి ఒక లెక్క చెబుతాను, పొద్దున ఒక లెక్క చెబుతాను. ఒకటి మాత్రం తెలుసు. దాని ఊపిరి ఆగబోయింది మన ఇద్దరి కుళ్లు వల్లనే. రంగు ఒక్కటే అయితే అది ఎప్పుడో బయటపడేది.

చిట్టీ సంగతి. దాన్ని డాక్టరమ్మకు చూపించడానికి నిఖితనే సంచిలోంచి తీసింది. ఇప్పుడు అక్షరాలన్నీ వచ్చు కదా, చదివింది. "అమ్మా, వీళ్లు నీ పేరు తప్పు రాసిండ్రు" అన్నది. అవును బిడ్డా, తప్పు రాశారు అంటే అయిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది. తొమ్మిదేళ్లుగా అట్లాంటి మాటలు నాకు అలవాటే. కాని ఆక్సిజన్ పైపు ఒరుసుకున్న మచ్చ దాని ముక్కు మీద ఇంకా ఉంది. దాని మాట ఒకసారి వినక ఆ మచ్చ తెచ్చిపెట్టాను. ఇంకోసారి ఎట్లా బొంకను?

"తప్పు రాయలేదు బిడ్డా" అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. నువ్వు ఒడిలో పెట్టింది, నేను బస్సెక్కింది. మల్లెపూలు కూడా చెప్పాను. అది చాలాసేపు చిట్టీని మడిచింది, విప్పింది. "మరి నిన్నేమని పిలువాలె?" అని అడిగింది. "ఎప్పటి లెక్కనే" అన్న. అది నా కొంగు పట్టుకున్నది గానీ ఆ పూట నన్ను ఏమనీ పిలవలేదు. తెల్లారి బడికి పోతూ గుమ్మంలోంచి "అమ్మా, టిఫిన్" అని అరిచింది. నేను టిఫిన్ గిన్నె పట్టుకొని గుమ్మం దాకా ఉరికాను.

దసరా సెలవులకు నేనే తీసుకొని వస్తాను. నా కుళ్లు పోయిందని రాస్తే మళ్లీ అబద్ధమే. అది నీ ఇంట్లో నవ్వితే నాకు ఇంకా మండుతుంది, పక్కనే కూర్చొని మండుతాను. శంకరవ్వకు చెప్పు, ఏమన్నా ఉంటే నా ముందర అనమని.

డాక్టర్ రాసిన మందుల మాట మొత్తం వేరే కాగితం మీద దించుకున్నాను, మూడు నకళ్లు తీశాను. ఒకటి బడిలో ఇచ్చాను, ఒకటి పిల్ల సంచిలో ఉంది, ఒకటి నీకు. అసలు చిట్టీ కూడా ఈ కవరులోనే పెట్టాను. ఆధార్ కార్డు, బడి కాగితాలు, ప్రోగ్రెస్ కార్డులు, నా పేరున్నవి నాకు బీరువా నిండా ఉన్నాయి. నీకు ఇదొక్కటే.

మడత దగ్గర ఇప్పటికే నలిగింది. దాన్ని తడి తగలనిచోట దాచుకో, ఏడ్చేటప్పుడు చేతిలో పట్టుకోకు. నీ పేరు రాసింది మామూలు సిరాతోనే, రంగు దిగుతుంది.

అక్క